బయట ఎవరుంటారు?

మనకి ప్రయాణమంటే ఇంటికి తాళం పెట్టి, గ్యాసు కట్టేశామా లేదా అని రైలు కదిలేదాకా మథనపడటం. అమెరికాలో మరో రకం ప్రయాణం ఉంది. ఇంటినే వెంటబెట్టుకు పోవడం! దాన్ని ఆర్.వి. అంటారు. బస్సంత బండిలో పొయ్యి, ఫ్రిజ్, మంచాలు, స్నానాలగది, అన్నీ ఉంటాయి. గ్యాసు బెంగ మాత్రం అందులోనూ తప్పదు సుమండీ, పొయ్యి కూడా మనతోనే వస్తుంది కనక.

కిందటి మే నెలలో డల్లాస్‌లో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు అలాంటి బండి అద్దెకి తీసుకుని, న్యూ మెక్సికో ఎడారిలో ఉన్న కార్ల్స్‌బాడ్ గుహలకి బయల్దేరాం. నేను, చెల్లెలు, మరిది, వాళ్ళ కుక్క. కుక్క పేరు పులి. పక్కింటి పిల్లి గోడెక్కితే మంచం కింద దూరే ఆ శాల్తీకి ఆ పేరు పెట్టింది మా మరిదే.

దారి 700 కిలోమీటర్ల పైమాటే. పశ్చిమ టెక్సాస్ దాటుతున్నంతసేపూ రోడ్డుకి అటూ ఇటూ నూనె తోడే యంత్రాలు, గంగిరెద్దుల్లా తలలూపుతూ. ఆ నూనెకీ ఈ గుహలకీ చుట్టరికం ఉంది. సుమారు 26 కోట్ల ఏళ్ళ కిందట అక్కడంతా సముద్రం. అందులో పెరిగిన రాతిదిబ్బలే ఇప్పటి కొండలు. మన బొర్రా గుహల్ని బొగ్గుపులుసు వాయువు కలిసిన నీరు నెమ్మదిగా కరిగించి తొలిచింది. ఇక్కడ అలా కాదు. భూమి అడుగున నూనె నిక్షేపాల నుంచి కుళ్ళిన కోడిగుడ్ల వాసన వేసే వాయువు పైకొచ్చి, నీళ్ళతోనూ ప్రాణవాయువుతోనూ కలిసి గంధకామ్లమైంది. అది సున్నపురాయిని తినేసింది!

తీరా చేరాక అసలు చిక్కు వచ్చింది. గుహలోకి కుక్కల్ని రానివ్వరు. ఎండవేళ బండిలో ఒంటరిగా వదలనూ కూడదు. కొత్తవాళ్ళకి అప్పగిస్తే పులి మంచినీళ్ళు కూడా ముట్టదు.

“మీరిద్దరూ వెళ్ళిరండి. నేను దీని దగ్గరుంటాలే. మీరు చూస్తే నేను చూసినట్టే” అంది చెల్లెలు.

ఈ మాట ఎక్కడో విన్నాననిపించింది. ఎక్కడో ఏమిటి, బొర్రాలోనే! నాకు పదేళ్ళప్పుడు నాన్నగారు మమ్మల్నందర్నీ విజయనగరం నుంచి తీసుకెళ్ళారు. చంకలో చంటిపిల్ల, పక్కన సంచులు, పులిహోర డబ్బా మీద కన్నేసిన కోతులు. అమ్మ బయటే చెట్టుకింద ఉండిపోయింది. మేం తిరిగొచ్చి తలో మాటా చెబుతుంటే, “మీరు చూశారుగా, నేను చూసినట్టే” అంటూ విస్తళ్ళు వేసింది. ఆనాటి చంటిపిల్లే ఈ చెల్లెలు.

మా మరిది పులి గొలుసు తన చేతికి చుట్టుకున్నాడు. “వదినా, ముందు మీ అక్కచెల్లెళ్ళు పదండి. మీరొచ్చాక నేను వెళ్తాను.”

“ఒక్కడివీ వెళ్తావా?” అన్నాను.

“వ్యాఖ్యానం లేకుండా చూడాలని నాకెప్పట్నించో కోరిక” అన్నాడు.

గుహ ముఖద్వారం నుంచి మెలికలు తిరిగే దారిలో సుమారు 2 కిలోమీటర్లు దిగాం. పైన ఎడారి మాడిపోతుంటే లోపల ఏడాది పొడుగునా 13 డిగ్రీలే. 750 అడుగుల లోతున పెద్ద గది. గది అని ఎవరన్నారో గాని, 8 ఎకరాల పైన ఉంది. మా తాతగారి పొలం కంటే పెద్దది! పైనుంచి వేలాడే సున్నపు ఊడలు, కిందనుంచి లేచిన స్తంభాలు, ఎక్కడో టప్పుమని రాలే నీటిచుక్క. చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

“ఇంత ఉంటుందనుకోలేదక్కా. రెండేళ్ళ కిందట మా అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చినప్పుడు పులితో నేనే బయటున్నా. వాళ్ళు చెబితే ఏదో చిన్న గుహ ఊహించుకున్నా.”

పైకి రావడానికి లిఫ్టు ఉంది, 1932 నుంచీ. మేం రాగానే మరిది వెళ్ళొచ్చాడు. సాయంత్రం గుహలోంచి గబ్బిలాలు లేచే వేళ. అవి లక్షల సంఖ్యలో మెక్సికో నుంచి వచ్చి వేసవంతా అక్కడుంటాయి. 1898 ప్రాంతంలో జిమ్ వైట్ అనే పశువుల కాపరి కుర్రాడు ఆ గుంపును పొగ అనుకుని దగ్గరకెళ్ళి గుహను చూశాడంటారు. ఈసారి వంతు నాది. వాళ్ళిద్దర్నీ పంపి పులి పక్కన కూర్చున్నాను.

అక్కడ ఫోన్లూ కెమెరాలూ వాడనివ్వరు. అందుకని తిరిగొచ్చాక ఒక్క ఫోటో కూడా చూపించలేకపోయారు. చెల్లెలు చేతులు గిరగిరా తిప్పుతూ, “సుడిగాలిలా లేచాయక్కా... కాదు, జొన్నచేలో పిట్టల్లా... అదీ కాదు” అంటూ అవస్థ పడింది. శ్రద్ధగానే విన్నాను. విన్నట్టే ఉంది గాని, చూసినట్టు మాత్రం లేదు.

ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేశాను. ఆవిడకిప్పుడు 70 ఏళ్ళు. నేను రాగానే బొర్రా వెళ్దామన్నాను.

“నాకెందుకే ఇప్పుడు? మీరంతా చూశారుగా!”

“సంచుల దగ్గర నేనుంటాను. నువ్వు లోపలికి వెళ్దువుగాని.”

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది:

“లోపల మెట్లెన్నుంటాయే?”