దాతకూ తనిఖీ ఉండాలి

దానం చేసినవానిని లెక్క అడగడం మర్యాద కాదంటారు. కాని ఒక ప్రభుత్వం పరదేశానికిచ్చే సాయం దానం కాదు. అది తన ప్రజలు కట్టిన పన్ను. పైగా ఆ సొమ్ము వెళ్ళేది అక్కడి అవినీతిని అణచడానికే అయినప్పుడు లెక్క అడిగేవాడు మరింత అవసరం. రాజధనాన్ని అపహరించే మార్గాలు నలభై అని కౌటిల్యుడు ఏనాడో అర్థశాస్త్రంలో గణించాడు. ధనం ఎల్లలు దాటినంత మాత్రాన ఆ మార్గాలు మూసుకుపోవు కదా!

విదేశీ సాయాన్ని స్వతంత్రంగా పరిశీలించి పార్లమెంటుకు విన్నవించే సంఘమొకటి బ్రిటన్‌లో 2011లో ఏర్పడింది. అవినీతి నిరోధానికి ఆనాటి అంతర్జాతీయాభివృద్ధి శాఖ చేస్తున్న కృషిని అది నేపాల్, నైజీరియాలలో పరిశీలించి, 2014 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. నాలుగు మెట్ల కొలమానంలో శాఖకు దక్కినది కింది నుంచి రెండవ మెట్టు. పేదవాడు నిత్యం చెల్లించుకునే చిల్లర లంచాలపై శాఖ దృష్టి చాలలేదన్నది ముఖ్యమైన ఆక్షేపణ.

ఉపాధ్యాయునిగా బతికినవానికి ఈ మాట సులభంగా బోధపడుతుంది. మా బడికి తనిఖీకి వచ్చినవారు హాజరుపట్టీలు చూసేవారు, సంతకాలు చూసేవారు. వెనుక బల్ల మీది పిల్లవాణ్ణి లేపి ఒక పద్యం చదివించినవారు బహు కొద్దిమంది. పట్టీ సరిగా ఉండడం వేరు, చదువు రావడం వేరు.

అఫ్ఘానిస్థాన్ కథ ఇంకా చేదు. అక్కడ యుద్ధం మొదలైనది 2001లో. పునర్నిర్మాణ వ్యయాన్ని పరిశీలించే ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయాన్ని అమెరికా కాంగ్రెసు నెలకొల్పినది 2008లో. సైనికులకూ ఉపాధ్యాయులకూ జీతాలు అందించే కాబూల్ బ్యాంకు 2010లో సంక్షోభంలో పడింది. అది ఇచ్చిన అప్పులలో 92 శాతానికి పైగా 19 మంది వ్యక్తులు, సంస్థల పాలయ్యాయని తరువాత తేలింది. తగిన పర్యవేక్షణ లేకుండా కుమ్మరించిన తమ ధనమే అవినీతికి ఎరువైందని ఆ కార్యాలయం 2016 సెప్టెంబరులో సొంత ప్రభుత్వానికి నిర్మొహమాటంగా చెప్పింది. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల వశమైంది.

తన ప్రభుత్వపు తప్పును తానే ఎత్తిచూపిన ఆ ధైర్యం మెచ్చదగినది. అయితే చేను పోయాక కంచెను నిందించి ప్రయోజనమేమి? తొలి విడత సొమ్ముతోనే తనిఖీదారూ బయలుదేరాలి. అతని మొదటి ప్రశ్న మంత్రిని కాదు, జీతం రాక నెలాఖరున అప్పు వెదుక్కునే ఆ బడిపంతులును అడగాలి.