నిదానమే ప్రధానం

'నిదానం' అనే మాటకు తెలుగులో రెండర్థాలున్నాయి. తొందరపడకపోవడం ఒకటి, రోగానికి మూలకారణం కనుగొనడం మరొకటి. చరకసంహితలోని 'నిదానస్థానం' ఈ రెండవ అర్థానికి చెందినది. మనిషి శరీరానికే కాదు, యంత్రానికి కూడ ఈ రెండు నిదానాలూ అవసరమే.

ఆటోమేటిక్ గేర్ల కారు ఇందుకు చక్కని ఉదాహరణ. ఇందులో క్లచ్ పెడల్ ఉండదు. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో 'హైడ్రామాటిక్' పేరుతో ఇటువంటి గేర్లను ప్రవేశపెట్టింది. నేటి కార్లలో పలు రకాలున్నాయి. టార్క్ కన్వర్టర్ రకంలో ఇంజను శక్తి నూనె ద్వారా గేరుబాక్సుకు చేరుతుంది. ఆ నూనె ఒత్తిడే లోపలి క్లచ్‌లను పట్టించి గేర్లు మారుస్తుంది. ఎప్పుడు మార్చాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. కనుక గేరు సరిగా పడకపోతే దోషం నూనెలో ఉండవచ్చు, వైర్లలో ఉండవచ్చు, అరిగిన క్లచ్‌లలోనూ ఉండవచ్చు. లక్షణం ఒకటే; కారణాలు అనేకం.

విజయవాడ సమీపంలోని ఒక ఉపాధ్యాయిని, మోకాళ్ల నొప్పులతో బస్సెక్కలేని తల్లి కోసం, ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో అటువంటి పాత కారు కొన్నది. నెల తిరగకముందే అది మొరాయించసాగింది. లీవరును 'డ్రైవ్'లోకి జరిపినా కొన్ని క్షణాలు కదలదు. ఆపై ఒక్క ఉదుటున దూకుతుంది. ఇంజను హోరెత్తుతుంది గాని వేగం పెరగదు. చూసిన మొదటి మెకానిక్ గేరుబాక్సు మొత్తం మార్చాలన్నాడు. ఆ ఖర్చు కారు ధరలో సగానికి దగ్గరగా ఉంది.

దిక్కుతోచక ఆమె ఆటోనగర్‌లోని ఒక వృద్ధ మెకానిక్‌ను ఆశ్రయించింది. "గేరుబాక్సు విప్పక తప్పదా బాబాయిగారూ?" అని అడిగింది.

"విప్పడం ఎంతసేపమ్మా! ఎందుకు విప్పాలో ముందు తెలియాలి గదా" అన్నాడాయన.

మొదట ఆ ఆటోమేటిక్ ఏ జాతిదో చూశాడు. 2014లో సెలెరియో కారుతో మన దేశంలో అడుగుపెట్టిన ఏఎంటీ రకంలో గేరు మారేటప్పుడు చిన్న కుదుపు సహజం, దానిని రోగమనుకోరాదు. ఇది ఆ రకం కాదు. కారును రాత్రి అక్కడే ఉంచుకొని, తెల్లవారి ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కిన తరువాత ఒకసారి నడిపి చూశాడు. కంపెనీ పుస్తకంలో చెప్పిన విధంగా నూనె మట్టం కొలిచాడు. అది బాగా తగ్గి ఉంది. తెల్లని గుడ్డపై ఒక చుక్క వేశాడు. నల్లబడి మాడువాసన వేస్తే క్లచ్‌లు కాలినట్లు. పాలు కలిసినట్లుంటే రేడియేటరు నీరు చేరినట్లు. ఆ చుక్క ఎర్రగానే ఉంది. స్కానరు తగిలించాడు, విద్యుద్దోషమేదీ కనిపించలేదు. చివరకు కారు కిందికి దూరి చూస్తే, నూనెను చల్లబరిచే గొట్టం అతుకు వద్ద చెమ్మ కనబడింది.

అతుకు సరిచేసి, ఆ కారుకు తగిన నూనె నింపగానే గేర్లు చక్కగా పడ్డాయి. అయినా ఆయన పూర్తి భరోసా ఇవ్వలేదు. "నూనె తక్కువై నడిచిన బండి. లోపల దెబ్బ తగిలిందేమో ఇప్పుడే చెప్పలేను. నెల రోజులు నడిపి మళ్లీ తీసుకురండమ్మా" అన్నాడు.

మహాభారతంలోని నలోపాఖ్యానంలో బాహుకుడు బక్కపలచని గుర్రాలను ఎంచుకొంటే ఋతుపర్ణుడు సందేహించాడు. రాజు చూసింది రూపాన్ని. బాహుకుడు చూసింది లక్షణాన్ని. ఆ గుర్రాలే రథాన్ని సాయంకాలానికి విదర్భ చేర్చాయి. యంత్రాలు మారినా ఆ విద్య అవసరం తీరలేదు. పైపైన చూసి పలికే తొందరపాటు తీర్పుకు మూల్యం చెల్లించేది తీర్పు చెప్పినవాడు కాడు, నమ్మి వచ్చినవాడు. తెలిసినంతే చెప్పి, తెలియనిదానికి గడువడిగిన ఆ ముసలి మెకానిక్ ఆమె సొమ్ముతోపాటు తన వృత్తి గౌరవాన్నీ కాపాడాడు.