అవ్వ కన్ను, నా కన్ను

మాది విళాత్తికుళం. కోవిల్‌పట్టికి తూర్పున, వైప్పారు ఒడ్డున ఉన్న నల్లరేగడి ఊరు. పత్తి, మిరప, సజ్జ పండే నేల. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలోనూ తమిళమే. కొన్ని వందల ఏళ్లనాడు వలస వచ్చిన మావాళ్లకు తెలుగు చెవికి తెలుసు గాని కంటికి తెలియదు. నేనూ తెలుగు చదవడం ఇరవై ఏళ్లు దాటాకే నేర్చుకున్నాను. ఈ నాలుగు మాటలు నేను చెబుతుంటే గుంటూరు ఆడపడుచైన మా ఆవిడ రాసిపెట్టింది. తప్పులుంటే నావి, ఒప్పులన్నీ ఆమెవి.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా అవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. గోడ పట్టుకుని నడిచేది. మదురై అరవింద్ కంటి ఆస్పత్రివాళ్లు ఉచిత శిబిరం పెట్టి, బస్సులో తీసుకెళ్లి ఆపరేషన్ చేసి పంపారు. ఆ ఆస్పత్రి స్థాపించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు మావైపువారే. 1918లో అయన్ వడమలాపురంలో పుట్టారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినా, ఆ వేళ్లతోనే కత్తి పట్టడం నేర్చుకుని, 1976లో 11 పడకలతో ఆస్పత్రి మొదలుపెట్టారు. ఇంటికి తిరిగొచ్చిన అవ్వ నా ముఖం చూసి, "ఏందిరా, ఇంత నల్లబడినావు?" అన్నది. ఇల్లంతా నవ్వులే. కన్ను గురించి చదవాలని ఆరోజే నాకు బుద్ధి పుట్టింది.

ఆ చదువు కన్నుతో మొదలై, కన్ను వెనకున్న మెదడు దగ్గరికి చేరింది. 2009లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన విద్యార్థిగా చేరాను. మనం కంటితో చూస్తామనుకుంటాం. నిజానికి కన్ను వెలుగును పట్టి నరం గుండా పంపుతుంది, అంతే. దాన్ని బొమ్మగా పోల్చుకునేది తల వెనకభాగాన ఉన్న మెదడు. మెదడులో పనిచేస్తున్న చోటికి రక్తం ఎక్కువగా వస్తుంది. ప్రాణవాయువు నిండిన రక్తానికీ, అది ఖర్చయిన రక్తానికీ అయస్కాంత గుణంలో తేడా ఉంటుంది. ఆ తేడాతో మెదడు పనిని బొమ్మ తీయవచ్చని 1990లో సెయిజీ ఒగావా బృందం ఎలుకల్లో చూపింది. 1992 నాటికి మనుషుల్లోనూ సాధ్యమైంది. అప్పుడు ముందుగా చూసిన వాటిలో ఈ చూపు భాగం ఒకటి.

ప్రయోగశాలలో కొత్తవాళ్లే మొదటి ఎలుకలు. యంత్రం ఎక్కించేముందు ఒక కంటికి ఎర్ర, ఒక కంటికి పచ్చ అద్దం ఉన్న జోడు పెట్టి, చుక్కల కాగితం చేతికిచ్చారు. రెండు కళ్లూ కలిసి పనిచేస్తే ఆ చుక్కల్లోంచి ఒక చదరం పైకి తేలుతుంది. తోటివాళ్లంతా "అదిగో" అన్నారు. నాకు చుక్కలే. కాగితం తలకిందులు చేసి చూశాను. అప్పుడూ చుక్కలే.

కంటి డాక్టరు పరీక్షించి, ఎడమ కంటిలో ఏ జబ్బూ లేదన్నారు. కాని ఎన్ని అద్దాలు మార్చినా ఆ కంటితో పై మూడు వరుసలు దాటలేకపోయాను. దీన్ని ఆంబ్లియోపియా అంటారు, వాడుకలో సోమరి కన్ను. తర్వాత యంత్రంలో పడుకున్నాను. భూమి అయస్కాంత శక్తికి సుమారు 60,000 రెట్లున్న అయస్కాంతం, రేకుల మీద సుత్తితో కొట్టినట్టు చప్పుడు, కళ్లముందు మినుకుమినుకుమనే నలుపు తెలుపు గళ్లు. కుడి కన్ను తెరిచినప్పుడు నా మెదడు పటంలో వెనకభాగం రంగులతో వెలిగింది. ఎడమ కన్నుకు అదే చోట మసక వెలుగు.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. "రెండేళ్లప్పుడు నీ ఎడమ కన్ను పక్కకు పోయేది నాయనా. డాక్టరుకు చూపిస్తామంటే అవ్వ వద్దన్నది. మెల్లకన్ను అదృష్టం, కదపకూడదన్నది. తర్వాత తెలియకుండా పోయింది, బాగైందనుకున్నాం" అని, కొంచెం ఆగి, "నేనైనా గట్టిగా అడగాల్సింది" అంటూ ఏడ్చింది. అవ్వ అప్పటికే లేదు. కోపం తెచ్చుకుందామన్నా ఎవరిమీద?

డెబ్బై ఏళ్ల అవ్వకు చూపు తిరిగివచ్చింది, ఇరవైమూడేళ్ల నాకెందుకు రాదు? అవ్వ కంటికి పడింది తెర మాత్రమే. ఆమె మెదడు చూడడం పసితనంలోనే నేర్చేసుకుంది. నా కంటికి తెర లేదు గాని, పక్కకు పోయిన కన్ను పంపే బొమ్మ కలవక, మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసింది. పిల్లికూనలకు పసితనంలో ఒక కన్ను మూసి ఉంచితే, తర్వాత తెరిచినా మెదడు ఆ కన్ను మాట వినదని హ్యూబెల్, వీజెల్ 1960లలో కనుగొన్నారు. 1981లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

అమ్మ ఏడుపు మధ్యలోనే అన్నది: "చెల్లెలి కూతురికీ అట్లనే ఉంది రా, నాలుగేళ్లు." మర్నాడే మదురై తీసుకెళ్లమన్నాను. అద్దాలిచ్చి, రోజూ కొన్ని గంటలు మంచి కన్నుకు పట్టీ వేయమన్నారు. పాప పీకేసేది. అమ్మ పట్టీ మీద పువ్వు గీసి అంటించి, పళ్లెంలో మినుములు పోసి రాళ్లేరమనేది. ఒకప్పుడు అడగలేకపోయిన అమ్మ, ఈసారి ఒక్క పూట కూడా మాననివ్వలేదు.

వందమంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఈ సోమరి కన్ను ఉంటుంది. ఒక కన్ను బాగుంటే చాలు, పిల్లలు ఏ లోటూ చెప్పరు. పెద్దలకూ అనుమానం రాదు. మూడు నాలుగేళ్లకే ఒక్కో కన్ను విడిగా పరీక్ష చేయించండి. ఏడేళ్లలోపు వైద్యం మొదలైతే గుణం ఎక్కువ. ఆ వయసు దాటిందని వదిలేయకండి, కొంత మేలు తర్వాతా ఉంటుంది. పుట్టుకతోనే శుక్లాలున్న పిల్లలకు ఎనిమిదేళ్లు దాటాక ఆపరేషన్ చేసినా పనికొచ్చే చూపు కొంత వస్తుందని, పవన్ సిన్హా గారు మన దేశంలో నడిపిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో తేలింది.

రెండేళ్ల తర్వాత ఊరెళ్లినప్పుడు ఆ చుక్కల కాగితం, ఎర్ర పచ్చ జోడు పట్టుకెళ్లాను. నా మేనకోడలు జోడు పెట్టుకుని కాసేపు ఊరికే చూసింది. తర్వాత మెల్లగా చెయ్యి చాచి, కాగితం మీద గాలిలో రెండు వేళ్లు మూసి, "మామా, పట్టుకోను రావడం లేదు" అన్నది.