గోదావరి తీరం నుంచి పాక్ జలసంధి దాకా

తెలంగాణలోని ధర్మపురిలో గోదావరి దక్షిణవాహినిగా సాగినా సముద్రం అక్కడికి బహుదూరం కాబట్టి, కెరటాలకు ఎదురొడ్డిన తెలంగాణవారి కథను అలలపై పలకలతో జారే సర్ఫింగ్‌లో కంటే ఈతలోనే వెతకడం సబబు. హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల నలభై ఏళ్లు దాటిన వయసులో, 2021 మార్చిలో, భారత్, శ్రీలంకల నడుమ ఉన్న ఇరుకైన సముద్రభాగమైన పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్ల దూరాన్ని, 13 గంటలకు పైగా ఈది దాటారు. బహిరంగ జలాల ఈత, అంటే కొలనుకుండే గోడలూ గీతలూ లేని నీటిలో సాగే ఈత, కేవలం కండబలంతో నెగ్గేది కాదు. వెంట వచ్చే పడవలోంచి ఆహారం అందిస్తారు గానీ ఈదేవారు ఆసరాకు ఆ పడవను పట్టుకోకూడదన్నది దాని నియమం, అందువల్ల తిండీ నీళ్లూ నీటిలో తేలుతూనే పుచ్చుకోవాలి. చేతికందేంత దగ్గర్లో ఉన్న ఆసరాను గంటల తరబడి కాదనుకోగలిగిన ఆ నిగ్రహం పతకాల పట్టికల్లో కనిపించదు. గోదావరి ఒడ్డున పెరిగే ఆడపిల్లలకు ముందుగా తెలియవలసింది మాత్రం అదే.