లైసెన్సుకు మెట్లుండాలి

తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్, అడిక్‌మెట్ ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు ఉస్మానియా విశ్వవిద్యాలయం రోడ్లే తొలి డ్రైవింగ్ బడి. తెల్లవారుజామున పెద్దలు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి ఆ వెడల్పాటి రోడ్ల మీద స్కూటీ బ్యాలెన్సు, కారు క్లచ్చు నేర్పిస్తారు. అదే వేళకు అక్కడ వాకింగుకు వచ్చిన వృద్ధులుంటారు, హాస్టళ్ల నుంచి నడిచొచ్చే విద్యార్థులుంటారు. ‘క్యాంపస్ లోపలే కదా, రోడ్డెక్కలేదు కదా’ అన్న మాట చట్టం ముందు నిలవదు. ప్రజలకు ప్రవేశ హక్కున్న ఏ దారినైనా 1988 నాటి మోటారు వాహనాల చట్టం బహిరంగ స్థలంగానే లెక్కిస్తుంది. ఊరి జనం రాకపోకలు సాగించే క్యాంపస్ రోడ్డుకైనా, తార్నాక చౌరస్తాకైనా వయసు నిబంధన ఒక్కటే.

ఆ నిబంధన చట్టంలోని నాలుగో సెక్షన్‌లో ఉంది. బహిరంగ స్థలంలో బండి నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. ఒక్క మినహాయింపు 50 సీసీ మించని ద్విచక్ర వాహనానికి. తల్లిదండ్రుల లిఖిత సమ్మతితో 16 ఏళ్లకే గేర్లు లేని అలాంటి బండికి లర్నర్ లైసెన్సు తీసుకోవచ్చు. లూనా మోపెడ్లు తిరిగిన రోజుల్లో ఈ మినహాయింపుకు అర్థముండేది. ఇప్పుడు ఇంటర్ పిల్లల చేతికి వస్తున్నది 110 సీసీ, 125 సీసీ స్కూటర్. దాన్ని 16 ఏళ్ల వయసులో నడపడానికి ఏ లైసెన్సూ రాదు. ఇక 250 వాట్లకు లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు మించని ఎలక్ట్రిక్ బండికి లైసెన్సే అక్కర్లేదు.

పద్దెనిమిది నిండాక దారి చిన్నది. లర్నర్ లైసెన్సు, అందరూ ఎల్ఎల్ఆర్ అనేది, ఆరు నెలలు చెల్లుతుంది. ఆ కాలంలో బండికి తెల్లటి పలక మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉండాలి. కారైతే పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. 30 రోజులు గడిస్తే ఆర్టీఏ ట్రాక్ మీద పరీక్షకు వెళ్లవచ్చు. పరీక్ష నెగ్గిన సాయంత్రమే ఆ కుర్రాడు నలుగురు స్నేహితులను ఎక్కించుకొని అర్ధరాత్రి ఔటర్ రింగు రోడ్డు ఎక్కినా అడ్డుచెప్పే నిబంధన లేదు. నిన్నటిదాకా పక్కన పెద్దమనిషి లేనిదే కదలరాదు, నేటి నుంచి ఏ హద్దూ లేదు. నడుమ మెట్టే లేదు.

ప్రమాదం పొంచి ఉన్నది సరిగ్గా ఆ లేని మెట్టు దగ్గరే. అమెరికాలో ప్రయాణించిన మైళ్ల లెక్కన చూస్తే, 16 నుంచి 19 ఏళ్ల డ్రైవర్లు ప్రాణాంతక ప్రమాదాల్లో చిక్కుకోవడం 20 దాటినవారికంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. కారణం దుడుకుతనం ఒక్కటే కాదు. ఆగిన బస్సు ముందు నుంచి మనిషి రావచ్చని, ముందుపోయే ఆటో చెప్పకుండా తిరగవచ్చని ముందే పసిగట్టే చూపు కొన్ని వేల కిలోమీటర్లు నడిపితే గాని రాదు. రాత్రి వేళ ఆ లోటు పెరుగుతుంది. పక్కన ఈడువాళ్లు కూర్చుంటే ధ్యాస చెదిరి ఇంకా పెరుగుతుంది. 2016 జూలై 1న పంజాగుట్టలో ఇంజినీరింగ్ విద్యార్థుల గుంపు తాగి వెళ్తున్న కారు డివైడర్ దాటి ఎదురు కారును ఢీకొంది. ఆ ఘటన బలిగొన్నవారిలో బడికెళ్లే చిన్నారి కూడా ఉంది. తెలంగాణలో మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండాలన్న నిబంధన అప్పటికే ఉంది. అమలు కాని హద్దు ప్రాణం కాపాడలేదు.

శిక్షలు తక్కువేమీ కావు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడిని లేదా బండి యజమానిని దోషిగా భావిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. తనకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్త తీసుకున్నాననో రుజువు చేసుకునే బాధ్యత పెద్దవాళ్లదే. ఈ సెక్షన్ రాకముందే, 2018లో, హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ప్రత్యేక తనిఖీలు జరిపి తల్లిదండ్రులను కోర్టు మెట్లెక్కించారు. కొందరికి జైలు శిక్షలూ పడ్డాయి. అయినా 2024 మేలో పుణెలో 17 ఏళ్ల కుర్రాడు నడిపిన కారు ఇద్దరు యువ ఇంజినీర్లను బలిగొన్నాకే ఈ సెక్షన్ చాలామంది చెవిన పడింది.

అమలులో అసలు చిక్కు మరోటి. నగరంలో ఎక్కువ చలాన్లు కెమెరా తీసిన ఫొటోల మీద నడుస్తాయి. కెమెరాకు నంబరు ప్లేటు కనబడుతుంది, వయసు కనబడదు. హెల్మెట్ పెట్టుకున్న పదహారేళ్ల ముఖం అసలే కనబడదు. సిగ్నల్ దాటింది కొడుకైనా చలానా తండ్రి పేరున వస్తుంది. ఆయన ఫోన్‌లోనే కట్టేస్తారు. నిజంగా తప్పు చేసిందెవరో రికార్డుకు ఎక్కకుండానే లెక్క మూసుకుపోతుంది.

లేని మెట్టు, కనబడని వయసు అన్న ఈ రెండు లోటులకూ జవాబు వెతికిన దేశాలున్నాయి. 1987లో న్యూజీలాండ్ దశలవారీ లైసెన్సు తెచ్చింది. 1996లో ఫ్లోరిడాతో మొదలై అది అమెరికా అంతటా పాకింది. కాలిఫోర్నియాలో పదిహేనున్నర ఏళ్లకు పర్మిట్ వస్తుంది. దానితో కనీసం ఆరు నెలలు ఆగాలి, ఈలోగా పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని 50 గంటలు, అందులో పది రాత్రిపూట, నడపాలి. పదహారుకు లైసెన్సు వచ్చినా ఏడాదిపాటు రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఒంటరిగా నడపరాదు, 20 ఏళ్ల లోపువారిని ఎక్కించుకోరాదు. న్యూజెర్సీ ఇంకో అడుగు వేసింది. 2010 మే 1 నుంచి 21 ఏళ్ల లోపు కొత్త డ్రైవర్లు నంబరు ప్లేటుకు ఎర్రటి చిన్న స్టిక్కరు అంటించాలి. దూరం నుంచే పోలీసుకు దశ తెలుస్తుంది. తొలి ఏడాదిలో ఉల్లంఘనల కేసులు పెరిగాయి, ఆ వయసు డ్రైవర్ల ప్రమాదాలు సుమారు 9 శాతం తగ్గాయని అధ్యయనం తేల్చింది. హద్దు కంటికి కనబడడమే ఆ స్టిక్కరు బలం.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనూ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లోనూ స్థిరపడ్డ తెలుగు తల్లిదండ్రులు ఈ మెట్లన్నీ పిల్లల చేయి పట్టుకొని ఎక్కించినవారే. నెలల తరబడి పక్క సీట్లో కూర్చుని, అద్దం చూడమని, వేగం తగ్గించమని చెప్పినవారే. వేసవిలో తార్నాక వచ్చినప్పుడు మాత్రం అదే పిల్లవాడు మేనమామ స్కూటర్ అడిగితే తాళం ఇచ్చేయడం కద్దు. అక్కడి లైసెన్సు ఉంది కదా అనే ధీమా పనికిరాదు. 18 నిండని చేతిలో ఏ దేశపు లైసెన్సున్నా ఇక్కడి బహిరంగ రోడ్డు మీద అలాంటి స్కూటర్ నడపడం చట్టవిరుద్ధం.

ఉన్న చట్టంతోనే చేయగల పనులున్నాయి. క్యాంపస్‌కు గేట్లున్నాయి. అక్కడ వయసు, లైసెన్సు అడగడం చౌరస్తాలో అడగడంకన్నా తేలిక. ఇంటర్ కాలేజీలు తమ పార్కింగులో లైసెన్సు లేని బండిని రానివ్వకపోతే చాలా బండ్లు ఇంట్లోనే ఆగుతాయి. బండికి బదులు దారి కూడా ఉంది. తార్నాకకు 2017 నుంచి మెట్రో ఉంది. 2023 డిసెంబరు నుంచి చాలా ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడపిల్లలకు ఛార్జీ లేదు. మగపిల్లలకు విద్యార్థి పాసుంది. చట్టం రాయవలసింది మిగిలిన మెట్టు: లైసెన్సు వచ్చిన తొలి ఏడాది రాత్రి ప్రయాణానికి, ఈడువాళ్ల సవారీకి పరిమితి, దాన్ని చూపే గుర్తు.

అది వచ్చేదాకా ఆ మెట్టును ఇల్లే కట్టుకోవాలి. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని పొట్టనపెట్టుకున్నాయి. అందులో మూడింట రెండొంతులు 18 నుంచి 45 ఏళ్లవారు. ఏ పోలీసూ చూడని వయసు ఇంట్లోవాళ్లకు తెలుసు. బండి తాళం వేలాడే మేకు కూడా వాళ్ల గోడకే ఉంది.