చింతపండుకు లొంగని చిలుము

తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. హెడ్‌లైట్లు మాత్రం బాగానే వెలుగుతున్నాయి. పక్కింటాయన కారు నుంచి కేబుళ్లు తగిలించి ఎలాగో స్టార్ట్ చేసుకుని, విజయవాడ ఆటోనగర్‌లో ఓ బ్యాటరీల కొట్టు ముందు ఆపాను.

మేస్త్రి బానెట్ ఎత్తి నవ్వాడు. ఆయన చొక్కా నిండా ఆసిడ్ చిల్లులే. ప్లస్ టెర్మినల్ మీద తెల్లగా పొడి పేరుకుంది, అంచుల్లో నీలం. తెల్లది సీసం సల్ఫేట్. నీలం మైలుతుత్తం, క్లాంపులోని రాగిని ఆసిడ్ తినేసిన గుర్తు. పొలాల్లో సున్నంతో కలిపి కొట్టే సరుకు నా బానెట్ కింద పండుతోంది!

“బ్యాటరీ బానే ఉందండి, దారే మూసుకుపోయింది,” అన్నాడు.

లెక్కేస్తే నిజమే. స్టార్టర్ తిరిగేటప్పుడు 200 ఆంపియర్ల దాకా లాగొచ్చు. ఆ పొడి 0.01 ఓమ్ అడ్డుపడినా 2 వోల్టులు అక్కడే హరీ. లైట్లు లాగేది కొంచెమే గనక వాటికి తేడా తెలియదు.

“చింతపండుతో తోమితే పోదా?” అన్నాను, ఇంట్లో ఇత్తడి బిందెలు గుర్తొచ్చి.

“పులుపు తెచ్చిన రోగానికి పులుపే మందా సార్?”

ముందు మైనస్ విప్పాడు. బండి బాడీ అంతా మైనస్సే, అది ఉండగా ప్లస్ విప్పుతూ స్పానర్ బాడీకి తగిలిస్తే నిప్పులు రాలతాయి. సెల్ మూతలు గట్టిగా ఉన్నాయో లేదో చూసి (సోడా లోపలికి పోతే ఆసిడ్ చచ్చిపోతుంది) వంటసోడా నీళ్లు పోశాడు. బుసబుసా పొంగింది. కడిగి, తుడిచి, సీసం మెరిసేదాకా బ్రష్షుతో రుద్దాడు. ఈసారి ప్లస్ ముందు, మైనస్ ఆఖరు. ఆపైన వ్యాజలీన్.

“బిగించాకే పూయాలండి.”

ఇన్నాళ్లూ ముందే గ్రీజు పులిమి బిగించే నేను మాట్లాడలేదు.

పని అయిపోయిందనుకున్నాను. ఇంజిన్ నడుస్తుండగా మీటర్ పెట్టి చూశాడు. 15.2 వోల్టులు! మామూలుగా పద్నాలుగున్నర దాటకూడదు. ఛార్జింగ్ అతిగా ఎక్కితే లోపలి నీరు వాయువులుగా విడిపోయి, ఆసిడ్ తుంపర్లను వెంటేసుకుని పైకొస్తుంది. చిలుముకు పుట్టిల్లు అదే.

“ఇది ఇలా వదిలేస్తే మళ్లీ నా దగ్గరికే వస్తారు,” అంటూ మూడు కొట్ల అవతల ఆల్టర్నేటర్లు బాగుచేసేవాడి వైపు చెయ్యి చూపించాడు.