నాన్న ఫోన్‌కు వచ్చిన ఈఎంఐ కాల్



మన పత్రికలో నేను ఎప్పుడూ ఇంగ్లిష్ పేజీలో రాస్తుంటాను. ఈ నెల తెలుగు పేజీ అడిగి తీసుకున్నాను. ఇది మా అమ్మ చదవాలని, ఆమెలా ఇంటి కాగితాల జోలికి పోని అమ్మలందరూ చదవాలని నా కోరిక.

కిందటేడాది జూన్ నెలాఖరులో నాన్న గుండెపోటుతో పోయారు. ఆయనకు 56 ఏళ్లు. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంటెంటుగా చేసేవారు. తొమ్మిదో రోజు ఉదయం ఇంటినిండా చుట్టాలున్నారు. మావయ్య పెద్దకర్మ సామాన్ల లిస్టు చెబుతుంటే నేను రాస్తున్నాను. అప్పుడు నాన్న ఫోన్ మోగింది.

"సార్ ఉన్నారా అండీ? కారు లోన్ ఈఎంఐ బౌన్స్ అయింది."

"ఆయన లేరండి."

"ఎన్నింటికి వస్తారు మేడమ్?"

నాకు నోరు పెగల్లేదు. అమ్మ వినకముందే ఫోన్ పెట్టేశాను. అవతలి అబ్బాయి తప్పేమీ లేదు. నాన్న పోయిన సంగతి మేం బ్యాంకుకు చెప్పలేదు. ఆస్పత్రిలో ఉన్న మూడు రోజుల్లోనే ఆయన ఖాతా ఖాళీ అయింది. ఐదో తారీఖున కట్ కావాల్సిన వాయిదాకు అందులో డబ్బు లేదు.

సాయంత్రం విషయం బయటపెడితే తలా ఒక మాట చెప్పారు. "మనిషే పోయాక అప్పెక్కడిది?" అన్నాడు మావయ్య. "లోన్‌కు ఇన్సూరెన్స్ ఉంటుందమ్మా, వాళ్లే కట్టుకుంటారు" అన్నారు నాన్న ఆఫీసు స్నేహితుడు. "కారు తీసుకెళ్లి బ్యాంకులో అప్పజెప్పండి, పీడా పోతుంది" అన్నారు ఎదురింటి అంకుల్. ముగ్గురూ మా మంచి కోరేవాళ్లే. ముగ్గురి మాటా మా విషయంలో నిజం కాలేదు.

కర్మ అయ్యాక మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని బ్యాంకుకు వెళ్లాను. అక్కడి ఆఫీసర్ మేడమ్ కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, ఫైలు తెరిచారు. ఆరు లక్షల లోను, ఐదేళ్ల గడువు, నెలకు 12,455 రూపాయలు. 22 వాయిదాలు కట్టారు. ఇంకా దాదాపు 4 లక్షల 10 వేలు బాకీ ఉంది. ఆవిడ ఒక పేజీ నా వైపు తిప్పి, "ఈ సంతకం మీదేనా అమ్మా?" అని అడిగారు.

నాదే. నాన్న పేరు కింద సహ రుణగ్రహీతగా నా పేరు ఉంది. గడువు ముగిసేసరికి నాన్న రిటైరై ఉంటారు కాబట్టి, సంపాదించే బిడ్డ సంతకం కూడా కావాలని బ్యాంకు అడిగిందట. ఆ రోజు నాకు గుర్తుంది. పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే నాన్న ఒక కట్ట తెచ్చి పెన్సిల్ గుర్తులు చూపించారు. గుర్తున్న ప్రతి చోటా సంతకం పెట్టాను. ఒక్క వాక్యం చదవలేదు. అదంతా ఇంగ్లిష్‌లోనే ఉంది, నేను ఇంగ్లిష్ టీచర్‌ని. "ప్రశ్న రెండుసార్లు చదివాకే పెన్ను పట్టండి" అని మీ పిల్లలకు రోజూ చెప్పేది నేనే.

మావయ్య మాట ఎక్కడ తప్పిందో అప్పుడు అర్థమైంది. రుణం తీసుకున్న మనిషి పోతే రుణం పోదు. సహ రుణగ్రహీత ఉంటే మిగిలిన బాకీ మొత్తానికి వాళ్లే బాధ్యులు. హామీదారు ఉంటే వాళ్లనూ అడుగుతారు. ఇద్దరూ లేకపోతే వారసుల దగ్గరకు వస్తారు. కానీ వారసులు చనిపోయిన వ్యక్తి నుంచి తమకు వచ్చిన ఆస్తి విలువ మేరకే బాధ్యులు. తమ సొంత సంపాదన లోంచి కట్టాలని వాళ్లను బలవంతం చేయడానికి లేదు. అంటే మా ఇంట్లో సంతకం పెట్టని అమ్మకు ఉన్న రక్షణ, సంతకం పెట్టిన నాకు లేదు.

ఇక ఇన్సూరెన్స్ మాట. కారు బీమా వేరు, రుణ బీమా వేరు. రుణ బీమా తీసుకుని ఉంటే, దాని షరతుల ప్రకారం మిగిలిన బాకీ బీమా సంస్థ కడుతుంది. మా ఫైలులో ఆ పాలసీ లేదు. నాన్న "వద్దు" దగ్గర టిక్ పెట్టారు. ప్రతి రూపాయీ లెక్క చూసుకునే మనిషి, ఆ ప్రీమియం కూడా మిగుల్చుకుందామనుకుని ఉంటారు. కారు బీమాలో యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది. అది ప్రమాదంలో పోతేనే వర్తిస్తుంది, గుండెపోటుకు రాదు.

కారు అప్పజెప్పడం గురించి కూడా అడిగాను. బ్యాంకు కారును వేలం వేస్తుంది. వచ్చిన డబ్బు బాకీకి చాలకపోతే ఆ తేడా, ఖర్చులతో సహా, మళ్లీ సహ రుణగ్రహీతనే అడుగుతుంది. "మీరే అమ్ముకుంటే మంచి ధర రావచ్చు, ఆలోచించుకోండి" అన్నారు ఆవిడ. ఆ మాట నేను మర్చిపోలేను.

ఇంటికొచ్చి అంతా చెబితే అమ్మ లోపలికెళ్లి నాన్న పీఎఫ్ పుస్తకాల సంచి తెచ్చింది. "ఇందులోంచి కట్టేద్దాం, నీ నెత్తిన అప్పు ఉండకూడదు" అంది. నేను ఒప్పుకోలేదు. పీఎఫ్‌కు నామినీ అమ్మ. చనిపోయిన మనిషి అప్పుల కింద ఆ డబ్బు జప్తు చేయడానికి చట్టం ఒప్పుకోదు. తమ్ముడి ఇంజినీరింగ్ ఇంకా రెండేళ్లుంది. నేనే నెలనెలా కడతానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. రెండు రోజులు ఇద్దరం సరిగా మాట్లాడుకోలేదు.

మూడో రోజు పొద్దున అమ్మే అంది. "మనింట్లో కారు నడిపే మనిషి లేడు. దాన్ని చూస్తూ కూర్చోవడానికి నెలకు పన్నెండు వేలా? అమ్మేద్దాం తల్లీ." ప్రతి ఆదివారం నాన్న కారు కడుగుతుంటే పక్కన పైపు పట్టుకుని నిలబడింది ఆమే. అలాంటి మనిషి నోట ఆ మాట వస్తే నేనిక వాదించలేకపోయాను.

అమ్మడం కూడా ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఆర్‌సీ మీద నాన్న పేరుతో పాటు బ్యాంకు తాకట్టు కూడా నమోదై ఉంటుంది. యజమాని చనిపోతే 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి. అలా తెలిపితే వారసులు మూడు నెలల వరకు బండి వాడుకోవచ్చు. ఆ మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మేం ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, నేను, తమ్ముడు అభ్యంతరం లేదని రాసిచ్చి, బండిని అమ్మ పేరుకు మార్పించాం. మా వీధిలోని ఒకాయన 4 లక్షల 75 వేలకు బేరం కుదుర్చుకుని, బాకీ మొత్తాన్ని నేరుగా లోన్ ఖాతాలో కట్టారు. బ్యాంకు ఇచ్చిన ఎన్ఓసీ, ఫారం 35తో తాకట్టు తీయించి బండి ఆయన పేరుకు రాయించాం. ఈలోపు పడిన రెండు వాయిదాలు నేను కట్టాను. అన్నీ పోను అమ్మ చేతికి 80 వేల లోపే వచ్చింది. కారు వెళ్లిపోతున్నప్పుడు ఆమె గేటు దాకా రాలేదు.

తల్లిదండ్రులారా, మన బడి గేటు ముందు సాయంత్రం నిలిచే కార్లలో లోన్ మీద కొన్నవి ఎన్నో ఉంటాయి. ఈ ఆదివారం ఒక గంట కూర్చుని ఈ నాలుగు పనులు చేయండి.

1. లోన్ పత్రం తీసి సహ రుణగ్రహీత, హామీదారు ఎవరో చూడండి. ఆ మనిషికి ఆ సంగతి తెలుసో లేదో అడగండి.

2. రుణ బీమా ఉందో లేదో చూడండి. ఉంటే ఎవరిని సంప్రదించాలో ఫైలు అట్ట మీద రాయండి. లేకపోతే, కావాలో వద్దో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.

3. ఆర్‌సీలో నామినీ పేరు పెట్టుకోండి. 2021 నుంచి ఆ వీలుంది.

4. వాయిదా ఏ ఖాతా నుంచి, ఏ తారీఖున కట్ అవుతుందో ఇంట్లో రెండో మనిషికి చెప్పండి.

జరగరానిది జరిగితే బ్యాంకుకు ముందు మీరే లిఖితపూర్వకంగా తెలపండి. రసీదు తీసుకోండి. వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అది కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో కాగితాలన్నీ ఒకే నీలం ఫైలులో ఉంటాయి. ప్రతి కాగితం మీద అదేమిటో తెలుగులో రాసి అంటించాను. మొన్న గ్యాస్ కనెక్షన్ పేరు మార్పు ఫారం మీద సంతకం పెట్టమంటే అమ్మ పెన్ను పక్కన పెట్టి, "ముందు ఇందులో ఏముందో చదివి చెప్పు" అంది. మొదటి లైను నుంచి చదివి వినిపించాను.

— మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్, 8, 9 తరగతులు